లోడుతో ఉన్న ట్రాక్టర్ ట్రక్కుకి దారిలో టైరు మార్చాలంటే ఏ జాకీ కొనాలి?

కాలువగట్టు_రైతు (ఉండి, పశ్చిమ గోదావరి)

అందరికీ నమస్కారం. మాది రెండు చక్రాల ట్రక్కు, ఒకే ఇరుసు, 9.00-16 టైర్లు. కోతల టైములో ధాన్యం మిల్లుకి తోలుతాం. 75 కిలోల బస్తాలు 60 దాకా ఎక్కిస్తాం. మొన్న కాలువ గట్టు మీద ఎడమ టైరు పూర్తిగా కూర్చుండిపోయింది. అటుగా వచ్చిన లారీ డ్రైవరు తన 20 టన్నుల జాకీ ఇచ్చాడు. అది ఇరుసు కిందకి దూరనే లేదు. చివరికి సగం బస్తాలు దించి, పక్క పొలం వాళ్ళ ట్రాక్టరుతో లాగించి, చీకటి పడ్డాక ఇంటికి చేరాం. మళ్ళీ ఆ టెన్షన్ వద్దు.

ట్రక్కు ముందు పెట్టెలో ఎప్పుడూ ఉంచుకునేలా ఒక జాకీ కొనాలి. షాపులో 5, 10, 20, 32 టన్నులు అని చూపిస్తున్నారు. 4 టన్నుల పైన లోడు వేస్తాం కాబట్టి 20 టన్నులదే తీసుకోమంటున్నాడు షాపతను. నిజమేనా? వాడినవాళ్ళు చెప్పండి.

---

డబ్బా_ట్రాక్టర్ (మిర్యాలగూడ)

అన్నా, 20 అక్కర్లేదు. లెక్క చూడు. 60 బస్తాలంటే 4,500 కిలోలు. ఖాళీ డబ్బా, అంటే ట్రక్కు, ఒక 1,200 వేసుకుందాం. మొత్తం 5,700. అందులో కొంత బరువు హుక్కు మీద, అంటే ట్రాక్టర్ వెనక పడుతుంది. మిగిలింది దాదాపు 5 టన్నులు ఇరుసు మీద. నువ్వు లేపేది ఒక్క పక్కనే కదా, కాబట్టి జాకీ మీద పడేది రెండున్నర టన్నులు. రోడ్డు అంచు వాలుగా ఉంటే ఇంకాస్త ఎక్కువ. 10 టన్నులది బ్రహ్మాండంగా సరిపోతుంది. మా దగ్గర మిల్లులకి వచ్చే ట్రాక్టర్లలో ఎక్కువగా కనపడేది అదే.

---

శ్రీకాకుళం_కుర్రోడు

5 టన్నులది చాలదా మరి? రెండున్నరకి రెట్టింపు ఉందిగా. మోయడానికి కూడా తేలిక.

---

పంక్చర్_బాబాయ్ (ఖమ్మం బైపాస్)

టన్నుల గురించి తర్వాత మాట్లాడుకుందాం. నా దగ్గరికి వచ్చే వాళ్ళలో జాకీ బరువు ఆపలేకపోయిందని చెప్పినవాళ్ళు అరుదు. జాకీ దూరలేదు, లేదా దూరింది గానీ చక్రం ఎక్కేంత ఎత్తు లేవలేదు, లేదా నేలలో దిగబడింది. ఈ మూడే వింటాను. రైతు తమ్ముడికి జరిగింది మొదటిది.

9.00-16 టైరు గాలితో ఉన్నప్పుడు ఇరుసు మధ్య భాగం నేల నుంచి 42 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. గాలి మొత్తం పోతే రిమ్ము వచ్చి నలిగిన రబ్బరు మీద కూర్చుంటుంది. 16 అంగుళాల రిమ్ము కాబట్టి ఇరుసు మధ్య భాగం 26, 27కి దిగిపోతుంది. ఇరుసు మందంలో సగం తీసేస్తే కింద మిగిలే సందు 23 సెంటీమీటర్లు. జాకీ పెట్టే చోట కమాను కట్ట (స్ప్రింగు పట్టీల కట్ట) కింది ప్లేటు, దాన్ని ఇరుసుకి బిగించే యూ బోల్టుల కొసలు ఉంటే 20కి కూడా రావచ్చు. 20 టన్నుల బాటిల్ జాకీ (సీసా ఆకారంలో ఉండి నూనె ఒత్తిడితో లేచేది) పూర్తిగా దించినా 24 దగ్గర ఉంటుంది. ఎలా దూరుతుంది? టన్నులు పెరిగే కొద్దీ జాకీ లావే కాదు, దించినప్పటి ఎత్తూ పెరుగుతుంది. పెద్దది కొంటే మంచిదనుకోవడం ఇక్కడ ఎదురు కొడుతుంది.

ఇంకో సంగతి. పంక్చరైన చక్రం ఊడదీయడానికి రెండు మూడు సెంటీమీటర్లు లేపితే చాలు. గాలి నిండిన చక్రం ఎక్కించాలంటే ఇరుసు కింద 43 దాకా రావాలి. అంటే 23 నుంచి 43కి, 20 సెంటీమీటర్లు లేపాలి. మామూలు 10 టన్నుల బాటిల్ జాకీ దించితే 22, 23 ఉంటుంది. పంపు కొడితే 15 లేస్తుంది, పైన చేత్తో తిప్పే మర ఇంకో 7, 8 ఇస్తుంది. లెక్కకి సరిపోతుంది, కానీ అంతా అంచు మీదే ఉంటుంది. పైన మర లేని జాకీ మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా కొనకండి.

కాబట్టి ముందు చేయాల్సింది: ఇంటి దగ్గర, ఖాళీ ట్రక్కుకి ఒక టైరు గాలి మొత్తం తీసేసి, ఇరుసు కింద టేపు పెట్టి కొలవడం. ఆ నంబరు కాగితం మీద రాసుకుని షాపుకి వెళ్ళండి.

---

కాలువగట్టు_రైతు

బాబాయ్, ఇలా ఎవరూ చెప్పలేదు. రేపే గాలి తీసి కొలుస్తాను. ఒక డౌటు. సందు 23, జాకీ 22. మా గట్టు మట్టి మెత్తన. జాకీ కింద చెక్క వేయాలి కదా. చెక్క వేస్తే జాకీ దూరదు, వేయకపోతే దిగబడుతుంది. ఎలా?

---

డబ్బా_ట్రాక్టర్

చెక్క పట్టేంత మట్టి తవ్వి అందులో దించు. పార ఎలాగూ ఉంటుంది ట్రాక్టర్ మీద.

---

పంక్చర్_బాబాయ్

తవ్వొచ్చు. అయితే దానికంటే మంచి పద్ధతి ఉంది. 10 సెంటీమీటర్ల మందం, టైరు వెడల్పు కంటే కొంచెం ఎక్కువ వెడల్పు ఉన్న గట్టి తుమ్మ దిమ్మ ఒకటి ఉంచుకోండి. ఒక కొస ఏటవాలుగా చెక్కించాలి. పంక్చరైన చక్రం ముందు దాన్ని పెట్టి, ట్రాక్టరుని మొదటి గేరులో ఒక్క అడుగు ముందుకి తోలితే చక్రం దిమ్మ మీదకి ఎక్కుతుంది. ఇరుసు కింద 33 వచ్చేసింది. ఇప్పుడు చెక్క, జాకీ రెండూ హాయిగా పడతాయి. కొంచెం లేపి, పాత చక్రం తీసి, దిమ్మ కూడా లాగేసి, ఇరుసు కింద 43 వచ్చేదాకా లేపితే కొత్త చక్రానికి కావాల్సిన చోటు దొరుకుతుంది. ఎలాగూ కూర్చున్న టైరే కాబట్టి ఆ ఒక్క అడుగుతో అదనంగా పాడయ్యేది ఏమీ లేదు. టైరు పోయాక ఫర్లాంగులు ఫర్లాంగులు లాక్కొచ్చేవాళ్ళకే ట్యూబు, ఫ్లాపు (ట్యూబుకీ రిమ్ముకీ మధ్య ఉండే రబ్బరు పట్టీ), టైరు అంచు అన్నీ పోతాయి.

దిమ్మ మీదకి ఎక్కించేటప్పుడు ఒకరు పక్కన దూరంగా నిలబడి చూడాలి. చక్రం ముందు గానీ వెనక గానీ ఎవరూ ఉండకూడదు.

---

పాలిటెక్నిక్_మాస్టారు (ఏలూరు)

బాబాయ్ గారు చెప్పిన దిగబడే సమస్యని లెక్కలో చూపిస్తాను. మా విద్యార్థులకి పాస్కల్ సూత్రం చెప్పేటప్పుడు జాకీ పైభాగం గురించే మాట్లాడతాం. సన్నటి ప్లంజరుతో (పంపు కడ్డీతో) నూనెని నొక్కితే అదే పీడనం లావు రామ్ (పైకి లేచే కడ్డీ) మీద పనిచేసి పెద్ద బరువుని లేపుతుంది. కానీ ఆ బరువంతా కింద ఎక్కడికి పోతోంది? జాకీ అడుగు సుమారు 12 సెంటీమీటర్ల చదరం అనుకోండి. 144 చదరపు సెంటీమీటర్లు. దాని మీద 2,500 కిలోలు. చదరపు సెంటీమీటరుకి 17 కిలోల పైనే. తడి నల్లరేగడి ఒక కిలోకే లొంగిపోతుంది. గట్టి తారు రోడ్డు కూడా మే నెల ఎండలో అంత ఒత్తిడికి గుంట పడుతుంది.

అదే 30 సెంటీమీటర్ల చదరపు పలక వేస్తే 900 చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడి 3 కిలోల లోపుకి వస్తుంది. 45 చదరం వేస్తే 1.2 కిలోలు. కాలువ గట్టుకి నేనైతే 45 చదరమే చెబుతాను. అది కూడా ఒకే పలక కాదు, ఒకటి నిలువు పోగుతో, దాని మీద ఇంకొకటి అడ్డం పోగుతో వేసి మేకులు కొట్టించండి. ఒకే పలక అయితే పోగు వెంట చీలుతుంది. పైన మధ్యలో 8 మిల్లీమీటర్ల ఇనుప రేకు బిగిస్తే జాకీ అడుగు చెక్కలోకి కుంగదు. ప్లైవుడ్ ముక్కలు నానితే పొరలు ఊడతాయి, వద్దు.

5 టన్నులు చాలదా అని అడిగిన తమ్ముడికి: సమతల నేల మీద చాలుతుంది. కానీ ట్రక్కు పంక్చరైన వైపు ఒరిగి ఉంటుంది, బస్తాలు కూడా అటే జరుగుతాయి. సగం కంటే ఎక్కువ బరువు అటు పడుతుంది. పైగా జాకీ నిటారుగా లేకపోతే రామ్ మీద పక్క తోపుడు వచ్చి సీలు దెబ్బతింటుంది. 10 టన్నులది కొనడం అతిజాగ్రత్త అనుకోనక్కర్లేదు. 20 టన్నులది కొని ఇరుసు కింద దూర్చలేకపోవడం కంటే అది మేలు.

---

రాగన్న_ఫార్మ్స్ (కరీంనగర్)

బాటిల్ జాకీ గొడవంతా ఎందుకు? నిలువు కమ్మీకి రంధ్రాలుండి, పిడి కొడుతుంటే మెట్టు మెట్టుగా ఎక్కే పొడుగు జాకీ ఉంటుంది చూడండి, హై లిఫ్ట్ అంటారు. నేల నుంచి జానెడు ఎత్తులోనే పట్టుకుంటుంది, మీటరు దాకా లేపుతుంది. మా తోటలో కంచె రాళ్ళు పీకడానికీ, బురదలో జీపు లేపడానికీ అదే.

---

పంక్చర్_బాబాయ్

రాళ్ళు పీకడానికి మంచిదే అన్నా. లోడు ట్రక్కుకి మాత్రం వద్దు. దాని సామర్థ్యం 2 నుంచి 3 టన్నుల లోపే, అంటే ఈ బరువుకి అంచు మీద ఉంటుంది. అడుగు చిన్నది, ఎత్తు ఎక్కువ, కాబట్టి పక్కకి పడిపోతుంది. దించేటప్పుడు పిడి చేయి జారితే ఎగిరి దవడకి తగులుతుంది. అలా పళ్ళు రాలినవాళ్ళని చూశాను. పైగా అది పట్టుకునేది ట్రక్కు బాడీ అంచునే. బాడీని లేపితే కమాన్లు సాగి ఇరుసు కిందే వేలాడుతుంది. చక్రం గాల్లోకి రావాలంటే ఆ సాగినంత ఎత్తు అదనంగా లేపాలి. అంతసేపూ 60 బస్తాలు పక్కకి ఒరుగుతూ ఉంటాయి. నేరుగా ఇరుసుని లేపితే ఆ ఇబ్బంది లేదు.

---

హ్యూస్టన్_తెలుగు

నేను టెక్సాస్‌లో ఉంటాను. మాకు క్యాంపింగ్ ట్రైలర్ ఉంది, రెండు ఇరుసులు ఒకదాని వెనక ఒకటి. బాబాయ్ చెప్పిన దిమ్మ పద్ధతే ఇక్కడ చాలామంది వాడతారు. పంక్చరైన చక్రం పక్క చక్రాన్ని ఏటవాలు దిమ్మ మీదకి ఎక్కిస్తారు. ట్రైలర్ ఆ పక్క లేచి, పంక్చరైన చక్రం దానంతట అదే నేల వదులుతుంది. జాకీ అవసరమే రాదు.

ఒక తేడా మాత్రం చెప్పాలి. ఇక్కడి ట్రైలర్ ఇరుసులు లోపల బోలుగా ఉండే గొట్టాలు. మధ్యలో జాకీ పెడితే వంగిపోతాయి. చాలా కంపెనీలు ఇరుసు కింద జాకీ పెట్టొద్దనీ, ఫ్రేము కిందే పెట్టమనీ చెబుతాయి. మీ ట్రక్కులకి ఇరుసు కిందే పెడుతున్నారు కదా, వంగదా?

---

పంక్చర్_బాబాయ్

మన ట్రక్కులకి ఎక్కువగా నిండు ఇనుప కడ్డీ ఇరుసులు బాబూ, 65 నుంచి 75 మిల్లీమీటర్ల చదరం. ఒక పక్క రెండున్నర టన్నులకి వంగవు. అయినా మధ్యలో పెట్టకూడదు. కమాను కట్టకి ఆనుకుని లోపలి వైపు పెట్టాలి. చక్రానికి ఎంత దగ్గరైతే జాకీ మీద అంత తక్కువ బరువు పడుతుంది.

ఇరుసు గుండ్రంగా ఉంటే జాకీ తల జారుతుంది. తల మీద పెట్టుకునేలా వి ఆకారంలో ఒక టోపీ వెల్డింగ్ చేయించుకోండి. జాకీకే వెల్డింగ్ పెట్టొద్దు, వేడికి లోపల సీలు పోతుంది.

---

చెరుకు_బండి (తణుకు)

మాది నాలుగు చక్రాల ట్రక్కు, చెరుకు లోడు. ముందు ఇరుసు గుండ్రటి తిరుగుడు చక్రం మీద ఉంటుంది. దానికి పంక్చరైతే ఇదే పద్ధతా?

---

డబ్బా_ట్రాక్టర్

ఇదే. కాకపోతే ట్రాక్టరు, ట్రక్కు ఒకే వరసలో తిన్నగా ఉన్నప్పుడే లేపు. మలుపులో విరిగి ఆగి ఉంటే ముందు కొంచెం జరిపి తిన్నగా చేసుకో. లేపుతుండగా ముందు ఇరుసు తిరిగితే జాకీ ఎగిరిపోతుంది.

---

శ్రీకాకుళం_కుర్రోడు

సైలెన్సర్ పొగతో ఊదుకునే బెలూన్ లాంటి జాకీ వీడియోల్లో చూశాను. ఇసుకలో, బురదలో కూడా దిగబడదట. అది పనికొస్తుందా?

---

పాలిటెక్నిక్_మాస్టారు

మెత్తటి నేలకి ఆలోచన మంచిదే, అడుగు వెడల్పు కాబట్టి. కానీ అది కార్లకి, జీపులకి చేసింది. గొట్టం వెనక సైలెన్సర్ మూతికి తొడగాలి. మన ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి సైలెన్సర్ బానెట్ పక్కనే నిలువుగా పైకి ఉంటుంది, గొట్టం ట్రక్కు ఇరుసు దాకా ఎలా వస్తుంది? పైగా ట్రక్కు అడుగున యూ బోల్టుల కొసలు, వెల్డింగ్ ముక్కలు పొడుచుకుని ఉంటాయి. సంచి చిరిగితే ఒక్కసారిగా కూలుతుంది.

---

అక్షరాల_రహదారి (నల్గొండ)

ఇంతసేపూ జాకీ గురించే చెప్పారు. నాకు దానికంటే ముఖ్యమనిపించేవి ఇవి. నేను హైవే పక్క ఊళ్ళో ఉంటాను. రాత్రి పూట రోడ్డు మీద ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రక్కుని వెనక నుంచి వచ్చి గుద్దిన ప్రమాదాలు కళ్ళారా చూశాను. ట్రక్కు వెనక లైటు ఉండదు, రిఫ్లెక్టర్ స్టిక్కర్ మట్టి కొట్టుకుపోయి ఉంటుంది, పైన గడ్డి వేలాడుతూ ఉంటుంది. వచ్చేవాడికి దగ్గరకి వచ్చేదాకా కనపడదు.

జాకీ పెట్టెలోనే ఎర్ర రిఫ్లెక్టర్ త్రికోణం, టార్చ్ లైటు తప్పకుండా ఉంచండి. త్రికోణం ట్రక్కుని ఆనించి పెట్టకండి, కనీసం 50 అడుగులు వేస్తూ వెనక్కి వెళ్ళి పెట్టండి, హైవే అయితే ఇంకా దూరం. రోడ్డు వైపు టైరు పోతే అక్కడ కూర్చుని నట్లు విప్పొద్దు, మెల్లగా లాక్కుని పక్కకి దించండి. టైరు పోతే పోనీయండి. జాతీయ రహదారి మీద అయితే 1033కి ఫోన్ చేయండి, పెట్రోలింగ్ బండి వచ్చి వెనక అడ్డు పెడుతుంది.

---

కాలువగట్టు_రైతు

చాలా ముఖ్యమైన మాట. త్రికోణం కూడా కొంటున్నాను.

ఇవాళ కొలిచాను. గాలి ఉన్నప్పుడు ఇరుసు కింద 39. గాలి మొత్తం తీశాక కమాను పక్కన 22 మాత్రమే. ఖాళీ ట్రక్కుతోనే ఇలా ఉంటే లోడుతో ఇంకో సెంటీమీటరు తగ్గుతుందేమో. భీమవరంలో రెండు షాపులు తిరిగి టేపుతో కొలిచాను. 10 టన్నులవి ఒకటి 22, ఒకటి 23 ఉన్నాయి. ఇంకో చోట రెండంచెల జాకీ చూపించారు, లోపలి రామ్‌లోంచి ఇంకో రామ్ వస్తుంది, మామూలు దానికంటే బాగా ఎత్తు లేస్తుంది. అది తీసుకోనా?

---

పంక్చర్_బాబాయ్

రెండంచెలది మంచిదే, మీ పనికి సరిగ్గా కుదురుతుంది. రెండు సంగతులు చూసుకోండి. పొట్టిగా దించి ఎత్తుగా లేపేవాటిలో కొన్నిటికి సామర్థ్యం 4, 6 టన్నులే ఉంటుంది. 6 కంటే తక్కువది తీసుకోకండి. రెండోది, సీలు కిట్టు మీ ఊళ్ళో దొరుకుతుందో లేదో ఆ షాపులోనే అడగండి. మామూలు 10 టన్నుల దానికి ఎక్కడైనా దొరుకుతుంది.

ఏది కొన్నా దిమ్మ మాత్రం చేయించండి. దిమ్మ ఉంటే ఇరుసు కింద సందు 32 అవుతుంది, అప్పుడు మామూలు 10 టన్నుల జాకీకి ఏ ఇబ్బందీ ఉండదు. నేనైతే మామూలు జాకీ, దిమ్మ తీసుకుంటాను. చెక్కకి సీలు పోదు, నూనె కారదు.

ఇక లేపే ముందు చేయాల్సినవి, ఎందుకంటే అక్కడే చేతులు నలుగుతాయి. ఒకే ఇరుసు ట్రక్కుని ట్రాక్టర్ నుంచి విప్పకూడదు. బరువు వెనక ఉంటే హుక్కు వైపు ఒక్కసారి పైకి లేస్తుంది. ట్రాక్టరుకి హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను ఆపి, గేరులో ఉంచాలి. ఇలాంటి ట్రక్కుల్లో చాలావాటికి బ్రేకులే ఉండవు కాబట్టి రెండో పక్క చక్రానికి ముందూ వెనకా రెండు రాళ్ళు గట్టిగా పెట్టాలి. చక్రం నేల మీద ఉండగానే నట్లు ఒక చుట్టు వదులు చేయాలి, గాల్లో ఉంటే చక్రం తిరిగి పానా జారుతుంది. పాత లారీ ఇరుసు కోసి ట్రక్కుకి వేసి ఉంటే ఎడమ పక్క నట్లు ఎడమ మర ఉండొచ్చు, అవి గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వదులవుతాయి. తెలియక పానా మీద నిలబడి రెండో వైపు తొక్కితే స్టడ్డు (నట్టు ఎక్కే బోల్టు) తెగుతుంది.

లేచాక ఇరుసు కింద మొద్దు పేర్చండి. హైడ్రాలిక్ జాకీని ఒక్కదాన్నే నమ్మి కాలు గానీ తల గానీ కిందకి పెట్టొద్దు. నూనె మెల్లగా జారితే కళ్ళకి తెలియదు.

లాక్ రింగు (టైరుని రిమ్ము మీద పట్టి ఉంచే ఇనుప రింగు) ఉన్న రిమ్ము అయితే రింగు తట్టే ముందు గాలి పూర్తిగా తీయండి, వాల్వు పిన్ను బయటికి తీసేయాలి. దారిలో మీరే రింగు విప్పి గాలి కొట్టే ప్రయత్నం చేయొద్దు. అది షాపులో పంజరంలో పెట్టి చేయాల్సిన పని. కాబట్టి జాకీకి పెట్టే డబ్బు కంటే ముందు స్టెప్నీకి పెట్టండి. చాలా ట్రక్కులకి స్టెప్నీ ఉండదు. చక్రం తీసి బైకు మీద పెట్టుకుని మా దగ్గరికి వస్తారు, అంతసేపూ లోడు ట్రక్కు మొద్దు మీద రోడ్డు పక్కన ఉంటుంది.

---

డబ్బా_ట్రాక్టర్

స్టెప్నీ సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. చక్రం ఎక్కించాక నట్లు వరసగా కాదు, ఎదురెదురు బిగించాలి. ఒక అయిదారు కిలోమీటర్లు పోయాక ఆపి మళ్ళీ ఒకసారి బిగించు, తప్పకుండా కొంత తిరుగుతాయి.

---

చెరుకు_బండి

జాకీ పెట్టెలో పడేస్తే సీజన్ నాటికి నూనె కారి ఉంటోంది. పంపు కొడితే మెత్తగా ఆడుతుంది, లేవదు. ఏం చేయాలి?

---

పాలిటెక్నిక్_మాస్టారు

రామ్ పూర్తిగా దించి, జాకీని నిటారుగా ఉంచాలి. పడుకోబెడితే నూనె కారుతుంది, గాలి లోపలికి పోతుంది. రామ్ బయటికి ఉంటే తుప్పు పట్టి ఆ గరుకు సీలుని కోస్తుంది. పెట్టె అడుగున జాకీ అడుగు సైజుకి నాలుగు యాంగిల్ ముక్కలు వెల్డింగ్ చేయించి, పైన ఒక బెల్టు వేస్తే ఎంత కుదుపులోనైనా నిలబడే ఉంటుంది.

మెత్తగా ఆడుతుంటే గాలి చేరినట్టు. కింద వదిలే మర తెరిచి, బరువు లేకుండా పది పన్నెండు సార్లు పంపు కొట్టి, మర బిగించి చూడండి. ఇంకా లేవకపోతే రామ్ దించి ఉంచి, పక్కన రబ్బరు బిరడా తీసి, నూనె రంధ్రం అంచు దాకా పోయండి. హైడ్రాలిక్ జాకీ ఆయిల్ మాత్రమే. బ్రేక్ ఆయిల్ పోయకూడదు, దానికి ఈ సీళ్ళు ఉబ్బి పాడవుతాయి.

---

కాలువగట్టు_రైతు

మామూలు 10 టన్నులది, 22 సెంటీమీటర్లది తీసుకున్నాను. తుమ్మ దిమ్మ వడ్రంగికి చెప్పాను, ఏటవాలు కొస ఎంత పొడుగు ఉండాలని అడుగుతున్నాడు.

---

పంక్చర్_బాబాయ్

10 ఎత్తుకి 30 పొడుగు ఏటవాలు చాలు. పైన చదునుగా 35 ఉంచమనండి, లేకపోతే చక్రం అవతలికి దిగిపోతుంది. ఆ చదును చివర అడ్డంగా ఒక యాంగిల్ ముక్క కొట్టించండి. ట్రాక్టర్ తోలేవాడికి చక్రం దానికి తగలగానే తెలిసిపోతుంది.